ఇంజను మీద కూర్చుని పినపాక దాకా

మా వ్యాన్ సందు మలుపు తిరగ్గానే మా ఊరి మెకానిక్కులు భోజనానికి లేచిపోతారు. పొద్దున తొమ్మిదింటికైనా సరే, మా బండి కనిపిస్తే వాళ్ళకి ఆకలేస్తుంది. తప్పు వాళ్ళది కాదు. అందరి బండ్లకీ ఇంజను ముందు ఉంటుంది, మూత ఎత్తితే కనిపిస్తుంది. మా డీజిల్ వ్యాన్‌కి ఇంజను ముందు సీట్ల కింద దాక్కుని ఉంటుంది. దాన్ని చూడాలంటే డ్రైవరు దిగాలి, పక్కన కూర్చున్నవాళ్ళు దిగాలి, వాళ్ళ మూటలు దిగాలి, సీటు మెత్తలు తియ్యాలి, రేకు మూత పైకెత్తి కర్రతో నిలబెట్టాలి. ఇంత చేశాక కూడా కనిపించేది సగం ఇంజనే. మిగతా సగాన్ని చెయ్యి దూర్చి తడిమి తెలుసుకోవాలి, గేదె కడుపులో దూడ ఎటు తిరిగిందో చూసినట్టు.

ఆ దూర్చే చెయ్యి మా ఇంట్లో నాది. నాన్నది లావు చెయ్యి, మోచేతి దగ్గరే ఇరుక్కుంటుంది. పదో తరగతి లెక్కలు రెండుసార్లు నన్ను వెనక్కి తోశాయి గానీ, డ్రైవింగు పరీక్షలో ఒక్కసారికే గట్టెక్కాను. ఇంజను సన్నటి చేతిని అడుగుతుంది, సర్టిఫికెట్ అడగదు.

నేలకొండపల్లి

ఈ వ్యాన్‌కి ఒకటే రోగం. నడిచినంతసేపూ బంగారం. ఒక్కసారి ఆపితే మళ్ళీ లేవదు. డీజిల్ పైపులోకి గాలి దూరుతుంది. అప్పుడు సీట్లన్నీ పీకి, లోపల ఎక్కడో ఉన్న చిన్న పంపుని వేలితో నొక్కి నొక్కి గాలి బయటికి పంపాలి. గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అంత లోపలిదాకా చూడలేదు. ఈ పనితో నాన్నకి విసుగొచ్చింది.

పినపాక అవతల అడవి గూడెం నుంచి మా ఊరికి మిరపకాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు పని ముగించుకుని భూమి పండుగకి ఇంటికి పోతున్నారు. వాళ్ళని దించి రావడం నా పని. బయల్దేరేటప్పుడు నాన్న గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"లతా, ఇదే ఆఖరు ట్రిప్పు. పొయ్యి నీ అంతట నువ్వు రా. ఎవడన్న తాడు కట్టి టోచన్ పెట్టి తెచ్చిండనుకో, గేటు కాడనే పాత ఇనుపోనికి అమ్మేస్త."

"టోచన్ లేకుండ వస్తె?"

"వస్తె బండి నీది. కిరాయిలు నువ్వే కొట్టుకో."

బండి పోతే నాకు మిగిలేది ఖమ్మంలో బట్టల షాపు. అంతకుముందు ఒక నెల చేశాను అక్కడ. కొనేవాళ్ళు విప్పిన చీరలు మడతపెట్టడం, మళ్ళీ విప్పడం, మళ్ళీ మడతపెట్టడం. కూర్చోవడానికి స్టూలు కూడా ఇవ్వరు. ఇక్కడైతే కనీసం ఇంజను మీద కూర్చుంటాను.

నా పక్కన ముందు సీట్లో ఇద్దరు ఎక్కారు. పెద్దావిడ జోగమ్మ, వీళ్ళందరికీ నాయకురాలు. రెండో ఆమె జోగమ్మ కోడలు కాంత. కాంత ఒళ్ళో ఒక నల్ల కోడిపెట్ట. పండుగకి దేవతకిస్తానని జోగమ్మ మొక్కుకుని, మా ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి ఒక్క తెల్ల ఈక లేని పెట్టని ఏరుకుంది. పెళ్ళికూతుర్ని కూడా అంత పరీక్షగా చూడరు.

ఖమ్మం దాటేలోపే కాంత మా ఇంజను మూతకి పని కనిపెట్టింది. మూత వేడిగా ఉంది కదా అని దాని మీద ఎండుచేపల పొట్లం విప్పి పరిచింది.

"అక్కా, అది పొయ్యి కాదు," అన్నాను.

"పొయ్యి కాకుంటె ఇంత వేడెందుకున్నది పిల్లా? ఊరికెనె పోనిస్తమా?"

కొత్తగూడెం దాకా మా వ్యాన్ ఏ ఊరి గుండా పోతే ఆ ఊరి పిల్లులు రోడ్డు మీదికొచ్చి చూశాయి.

పాల్వంచ టీ కొట్టు

ఆపితే లేవదు కాబట్టి నేను ఇంజను ఆపనేలేదు. టీకి ఆగినా ఇంజను నడుస్తూనే ఉంది. కొట్టాయన గిన్నె దించుకుంటూ అరిచాడు.

"ఇంజన్ బంద్ చెయ్యమ్మా! గిరాకీ ఏమడుగుతుండో వినబడుతలేదు."

"బంద్ చేస్తె నీ కొట్టు ముందే పొయ్యి పెట్టుకోవాలె అన్నా."

"డ్రైవర్ ఏడి?"

"నేనే."

"మరి మీ ఆయన?"

"ఇంకా దొరకలే. ముందు బండి బాగుపడనీ."

కొట్టాయన నవ్వి, మా గ్లాసుల్లో ఇంకాస్త పోశాడు. టీ పది రూపాయలు, మా ఊళ్ళో కంటే చిక్కగా ఉంది. అల్లం దంచి వేస్తాడు. వెనక సీట్లవాళ్ళు గ్లాసులు కడిగి మరీ ఇచ్చారు. మా ఊళ్ళో టీ తాగి గ్లాసు ఎక్కడ పెడతామో మనకే తెలియదు.

బూర్గంపాడు

బూర్గంపాడు దగ్గర గోదావరి ఎండకి సన్నబడి ఇసుకలో పాయలు పాయలుగా పారుతోంది. అవతలి ఒడ్డున భద్రాచలం. ఇవతలి నుంచే స్టీరింగు వదిలి ఒక దండం పెట్టాను. జోగమ్మ నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"దండం తర్వాత పెట్టుకో బిడ్డా. ముందల బొగ్గు లారీ వస్తున్నది."

"రాములవారు చూసుకుంటడు అవ్వా."

"ఆయన అవతలి ఒడ్డున ఉన్నడు. లారీ గీ ఒడ్డున ఉన్నది."

మణుగూరు రోడ్డు పట్టాం. వెనక నుంచి వాళ్ళ కోయ భాషలో మాటలు, నవ్వులు. నాకు ముక్క అర్థం కాలేదు గానీ మధ్యలో "లత" అని వినిపించినప్పుడల్లా నవ్వు పెద్దదయింది. అడిగితే "నిన్ను మంచిగనే అంటున్నం" అన్నారు. మంచి మాటలకి అంత నవ్వు రాదని నాకు తెలుసు.

తాడు

అశ్వాపురం దాటి అడవి చిక్కబడ్డాక రోడ్డుకి అడ్డంగా తాడు. తాడుకి ఆకులు కట్టి ఉన్నాయి. రెండు పక్కలా ఆడవాళ్ళు పట్టుకుని పాడుతున్నారు. నేను పోలీసులేమో అనుకుని సీటు బెల్టు వెతుక్కున్నాను. మా వ్యాన్‌లో సీటు బెల్టు లేదన్న సంగతి వెతికాక గుర్తొచ్చింది.

భూమి పండుగ రోజుల్లో ఇక్కడ మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు రోడ్డు మీద వచ్చే పోయే బండ్లని ఆపి పండుగ డబ్బులు వసూలు చేస్తారు. బస్సైనా సరే, బొగ్గు లారీ అయినా సరే. మా దగ్గర వినాయకుడికి చందా పుస్తకం పట్టుకుని ఇంటిమీదికి వస్తారు, ఇవ్వకపోతే ఏడాదంతా మొహం ముడుచుకుంటారు. ఇక్కడ పుస్తకం లేదు, పాట ఉంది. ఇచ్చినవాళ్ళని పొగుడుతూ పాడతారు, ఇవ్వనివాళ్ళని తిడుతూ పాడతారు. రెండూ వినసొంపుగానే ఉంటాయి.

నేను ఇంజను ఆపకుండా కిటికీలోంచి ఇరవై చాపాను. తాడు పట్టుకున్న ముసలామె నోటు తీసుకుంది గానీ తాడు దించలేదు.

"ఆడపిల్ల బండి నడుపుడు మేం చూళ్ళే. దిగి మాతోని రెండడుగులెయ్. అప్పుడు పోదువు."

సరే, రెండడుగులేగా అని దిగాను. ఇక్కడే కొంప మునిగింది. తాళం చెవి బండిలో వదిలి దిగకూడదని నాన్న నాకు చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు. నాన్న నూరిపోసినవాటిలో నాకు వంటబట్టింది అదొక్కటే. దిగుతూ దిగుతూ చెవి తిప్పి, తీసి, జేబులో వేసుకున్నాను.

అడవంతా నిశ్శబ్దం అయిపోయింది. పొద్దుటి నుంచి ఆ చప్పుడుకి అలవాటుపడిన నా చెవులు గుయ్యిమన్నాయి.

"ఏమైంది?" అంది జోగమ్మ.

"ఏం కాలే అవ్వా. అందరూ జర దిగాలె."

అందరూ దిగారు, మూటలు దిగాయి, ఎండుచేపలు దిగాయి. మూత ఎత్తి కర్ర పెట్టాను. సీటు చట్రం మీద బోర్లా పడుకుని, తల కిందికి, కాళ్ళు తలుపు బయటికి పెట్టి, చెయ్యి లోపలికి దూర్చాను. స్క్రూ వదులు చేసి పంపు నొక్కుతుంటే వెనక తాడు ఆడవాళ్ళు నా కాళ్ళు చూసి పాట కట్టేశారు.

"బండెక్కి వచ్చింది బంగారు పిల్లా
బండేమొ పండింది, పిల్లేమొ వంగిందీ..."

గాలి బుడగలు పోయి డీజిల్ చక్కగా వచ్చింది. స్క్రూ బిగించి లేచాను. మొహాన మసి, మోచేతికి గీత. ఇక చెవి తిప్పడమే తరువాయి.

"అత్తా, కోడేది?" అంది కాంత.

కాళ్ళు కందిపోయాయని కాంత దాని కట్టు వదులు చేసి మెట్టు మీద కూర్చోబెట్టిందట. అందరం కింద వెతికాం, పొదల్లో వెతికాం. అప్పుడు ఇంజను లోపల్నించి "కొక్కొక్" అని వినిపించింది.

నేను చెవి తిప్పితే ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను తిరిగితే దేవత కంటే ముందు ఇంజనే కోడిని తీసుకుంటుంది. చెయ్యి దూర్చాను, అందలేదు. నూకలు చల్లి పిలిచారు, కదలలేదు. ముసలామె వంగి కోడి గొంతుతో పిలిచింది. లోపలిది బదులు పలికింది గానీ బయటికి రాలేదు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు.

అంతలో మణుగూరు వైపు పోయే ట్రాక్టర్ ఒకటి తాడు దగ్గర ఆగింది. డ్రైవరు బీడీ ముట్టించుకుని వచ్చి సంగతంతా చూశాడు.

"చెల్లే, గింత పరేషాన్ ఎందుకు? టోచన్ పెడత. మణుగూరు దాక ఫ్రీ."

"వద్దన్నా."

"ఎందుకొద్దు?" జోగమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "తాడు కట్టి లాగితె ఇంజన్ తిరగది. ఇంజన్ తిరగకుంటె కోడి బతుకుతది. మేం ఊరు చేరుతం."

ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నాకు ఒళ్ళుమంట. నాన్న పెట్టిన షరతు చెప్పాను, బట్టల షాపు సంగతీ చెప్పాను.

"నీ షరతు నీది బిడ్డా. మాపటికి పూజారి విత్తనాలకు పూజ చేసి ఇంటింటికి పంచుతడు. అవి కలుపుకోకుంట మేం చేన్ల గింజ ఎయ్యం. నీ బండి కోసం మమ్ముల విత్తనాలిడిచిపెట్టమంటవా?"

"ఇడిచిపెట్టమంటలే అవ్వా. జరసేపు."

జోగమ్మ ట్రాక్టరాయన చేతిలోని బీడీ చూసింది. "ఆ బీడీ అయిపోయేదాక చూస్తం. అప్పటికి కోడి రాకుంటె తాడు కట్టుడే."

అప్పుడే నాన్న ఫోను. "ఏడున్నవ్ బిడ్డా? బండెట్లున్నది?"

"పండుగ చూస్తున్నం నాన్నా. శానా బాగుంది."

"ఇంజన్ సప్పుడు వినబడుతలేదేంది?"

"పాటలు గట్టిగున్నయ్ నాన్నా," అని పెట్టేశాను.

మిగిలిన దారి ఒకటే. డ్రైవరు సీటు కింద ఇనప చట్రం మొత్తం ఊడదీస్తే ఆ మూల తెరుచుకుంటుంది. దాని బోల్టులు బండి కొన్నప్పటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు, తుప్పుతో ముద్దలైపోయాయి. పానా పెట్టి వేలాడాను. బోల్టు తిరగలేదు, నేనే తిరిగాను. ట్రాక్టరాయనకి ఉండబట్టలేదు. పానాకి పొడుగు పైపు తగిలించి తానూ ఒక చెయ్యి వేయబోయాడు.

"అన్నా, డీజిల్ దగ్గర బీడీ! అటు ఇయ్యి ఎవరికన్న."

బీడీ ముసలామె చేతికి పోయింది. నేను మనసులో దండం పెట్టుకున్నాను, ఎందుకంటే ఆమె దాన్ని తాగలేదు. ఊరికే పట్టుకుంది. ఆరిపోయింది.

"అయిపోయిందా?" అంది జోగమ్మ.

"ఆరిపోయింది. అయిపోలే," అంది ముసలామె. అగ్గిపుల్ల గీసి ముట్టించి, ఒక్కటంటే ఒక్క దమ్ము లాగి, మళ్ళీ ఆరనిచ్చింది. కాంత కిసుక్కున నవ్వి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. జోగమ్మ చూసీ చూడనట్టు అడవి వైపు తిరిగింది.

బీడీ ఆరుతూ వెలుగుతూ ఉండగా బోల్టులు ఒక్కొక్కటే కేకలు పెట్టి ఊడాయి. చట్రం ఎత్తి పక్కన పెట్టాం. మా బండి ఇంజను ఆ వైపు ఎలా ఉంటుందో నేను అదే మొదటిసారి చూడటం. మూలన కమ్మీ మీద కోడి మా అందరి మీదా కోపంగా కూర్చుని ఉంది. రెండు చేతులతో పట్టి తీశాను. ఒక పక్కంతా తడి, వేళ్ళ మధ్యనుంచి కారుతోంది.

"అయ్యో, నెత్తురా?" అంది కాంత.

వాసన చూశాను. డీజిల్! ఇంజను నిండా ఉండే నల్ల జిడ్డు కాదు, ఇప్పుడే కారిన పచ్చి డీజిల్. నేను పంపు నొక్కినప్పుడల్లా కోడి మీద కారింది. కోడి కూర్చున్న చోటికి పైనే రబ్బరు పైపు, దాని చివర గోరంత చీలిక. నొక్కితే డీజిల్ బయటికి, ఆపితే గాలి లోపలికి. ఇన్నాళ్ళూ మేం గాలి తీస్తూ కూర్చున్నాం గానీ అది దూరే కన్నం ఈ చట్రం వెనకాల హాయిగా ఉంది.

కోడిని కాంతకిచ్చి, జోగమ్మ మూటలోని కొడవలి అడిగాను. చీలిన ముక్క వరకు కోసేసి, పైపుని మళ్ళీ లోపలికి తోసి, క్లిప్పు బిగించాను. పైపు కొంచెం పొడుగ్గానే ఉండబట్టి సరిపోయింది. పంపు నొక్కాను. చుక్క కారలేదు. కోడి లేదని ఇంకోసారి చూసుకుని చెవి తిప్పాను.

ఇంజను లేచింది. ఆపాను. మళ్ళీ తిప్పాను. మళ్ళీ లేచింది!

చట్రం, సీట్లు మళ్ళీ బిగించాక ముసలామె మిగిలిన బీడీ ట్రాక్టరాయనకి తిరిగిచ్చింది. తాడు దించే ముందు నాతో రెండడుగులు వేయించడం మాత్రం మర్చిపోలేదు.

గూడెం

పినపాక దాటి మట్టిదారిలో గూడెం చేరేసరికి ఎండ వాలుతోంది. విత్తనాల పూజ ఇంకా మొదలవలేదు. జోగమ్మ నావైపు చూసి "బతికినవ్" అంది. ఎవర్ని అందో, నన్నో, కోడినో, అడగలేదు.

కోడికి కుంకుడుకాయ పులుసుతో తలంటు పోశాం. నాకు మా అమ్మ దీపావళికి కూడా అంత రుద్దలేదు. అయినా డీజిల్ వాసన పోలేదు. పూజారి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని తల వెనక్కి తీశాడు.

"ఇదేం కోడి జోగమ్మా? బంకుల పెంచినవా?"

జోగమ్మ మొహం చిన్నబోయింది. ఊరంతా తలో మాట అన్నారు. చివరికి పూజారి, మనం ఎవరం చెప్పడానికి, తీసుకునే ఆమెనే అడుగుదాం అన్నాడు. వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. కోడి ముందు బియ్యం గింజలు పోస్తారు. కోడి తింటే దేవత ఒప్పుకున్నట్టు, తినకపోతే వద్దన్నట్టు. మా దగ్గర కోడి మీద నీళ్ళు చల్లి, అది ఒళ్ళు విదిలిస్తే జడతి ఇచ్చిందంటాం, అంటే దేవత ఒప్పుకున్నట్టు. ఒళ్ళు తడిస్తే ఏ కోడైనా విదిలిస్తుంది. తినడం మాత్రం దాని ఇష్టం కదా, ఇదే న్యాయంగా అనిపించింది నాకు.

గింజలు పోశారు. కోడి తల వంచి ఒక కంటితో చూసింది. తల తిప్పి రెండో కంటితో చూసింది. తర్వాత వంగి, ఒక్క గింజ మిగల్చకుండా, కింద మట్టి కూడా కాస్త తినేసింది. జోగమ్మ నవ్వడం ఆ రోజు అప్పుడే చూశాను.

విత్తనాలు పంచారు. ఇంటింటి గింజలూ ఒకచోట పోసి పూజ చేసి, తలా గుప్పెడు తిరిగిస్తారు. దాన్ని ఇంట్లో ఉన్న విత్తనాల్లో కలుపుకుంటారు. మేం విత్తనాలు దుకాణంలో కొంటాం, మొలవకపోతే దుకాణం ముందు ధర్నా చేస్తాం.

వేటకి పోయిన మగవాళ్ళు ఒట్టి చేతులతో వచ్చారు. ఏమీ తేకుండా వచ్చేవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. కాంత తన మొగుడి కోసం పొద్దున్నే కలిపి ఉంచమని ఆడబిడ్డకి ఫోను చేసి చెప్పిందట. గురి తప్పలేదు. మా ఊళ్ళో ఈ ఆచారం ఉంటే పేడకి కరువొచ్చేది.

సామల అన్నం, కోడి కూర, తాటాకు దొన్నెలో జీలుగు కల్లు పెట్టారు. కూరలో డీజిల్ వాసన వచ్చిందని కాంత మొగుడు అన్నాడు. అది అతని ఒంటి మీద పేడ వాసన అని కాంత అంది. నాకు ఏ వాసనా రాలేదు, రెండోసారి పెట్టించుకున్నాను.

భద్రాచలం మీదుగా ఇంటికి

తెల్లారి గూడెం మొత్తం వ్యాన్ చుట్టూ నిలబడింది. రాత్రంతా ఆగిన బండి లేస్తుందా లేదా అని నాకంటే వాళ్ళకి ఆత్రం. చెవి తిప్పిన మొదటి దెబ్బకే లేచింది. జోగమ్మ కిటికీలోంచి ఒక సొరకాయ బుర్ర, ఇప్పపూల పొట్లం లోపల పెట్టి, "వచ్చేయేడు నువ్వే వచ్చి మమ్ముల తీస్కపో. మీ నాయనతోని చెప్పు, వేరే బండైతె మేం ఎక్కం" అంది.

భద్రాచలంలో వంతెన దాటి, బండి నిలిపి, ఇంజను ఆపి మరీ గుడికి పోయాను. వరసలో నిలబడ్డా నా ధ్యాసంతా బండి మీదే. వచ్చి చెవి తిప్పితే లేచింది. ఆ సంతోషంలో దారిలో కనిపించిన ప్రతి టీ కొట్టు దగ్గరా ఆగాను. టీ కోసం కాదు, ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యడం కోసం. ఖమ్మం చేరేసరికి కడుపు నిండా టీ, ఒళ్ళంతా వణుకు.

ఇంటి గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల కుర్చీలో పాత ఇనప వ్యాపారి కూర్చుని ఉన్నాడు. నాన్న ముందే పిలిపించి పెట్టాడు. నా మీద అంత నమ్మకం. బండి దానంతటది లోపలికి రావడం చూసి వ్యాపారి టీ గ్లాసు కింద పెట్టాడు.

నాన్న ముందుకొచ్చి బంపర్ కొక్కెం చూశాడు, తాడు ఒరిపిడి ఉందేమోనని వేలితో రాసి చూశాడు. వేలికి దుమ్మే అంటింది.

"బంద్ చెయ్," అన్నాడు.

ఆపాను. చెప్పడానికి బోలెడంత కథ ఉంది, కానీ నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. పోయి ముంజలు తెచ్చి వ్యాపారికి పెట్టాడు, తానూ తిన్నాడు, నాకూ ఇచ్చాడు. ముగ్గురం బండి వైపు చూస్తూ తింటున్నాం. ఇంజను చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది. చివరి ముంజ అయ్యాక నాన్న మూతి తుడుచుకున్నాడు.

"ఇప్పుడు కొట్టు సెల్ఫు."

కొట్టాను. లేచింది.

వ్యాపారి లేచి, చెప్పులు తొడుక్కుంటూ, "అయితే అమ్మవా అన్నా? ఊరికెనె బస్సెక్కి ఇంత దూరం వచ్చిన" అన్నాడు గుడ్లప్పగించి.

"బస్సెందుకు ఎక్కుతవ్ మళ్ళ?" నాన్న వ్యాన్ తలుపు తీసి అతన్ని ముందు సీట్లోకి ఎక్కించాడు. "మా బిడ్డ బస్టాండ్ కాడ దింపుతది. కిరాయి ఆమెకే ఇయ్యి, నాకు కాదు."